కమిలిన చేతులు

చెరకు రైలు నడిపే లోరెట్టాకి ఈ ఏడు మిల్లులో చెరకు ఆడే క్రషింగ్ సీజను మొదలవకముందే బ్లడ్ కాన్సర్ అని తేలడం, మొదటి విడత మందుకి అది అణగడం, ఏడాదికోసారి ఫోన్ చేయడమే గగనమైన తమ్ముడు సైలస్ కబురు వినగానే మెకై నుంచి బయల్దేరి వచ్చి తన ఎముకల మూలుగ ఇస్తాననడం ఇంతవరకూ చదివారు. పరీక్ష చేస్తే అతని మూలుగ ఆమెకి సరిపోయింది. ఆ సంతోషంలో అక్కాతమ్ముళ్ళు ఎన్నో ఏళ్ళకి ఒక బల్ల దగ్గర కూర్చుని భోంచేశారు. మర్నాడు డాక్టర్ ముల్‌గ్రూ ఫోన్ చేసి, "ఇద్దరూ కలిసి రండి, విడివిడిగా వద్దు" అంది. ఎందుకో చెప్పలేదు.

టౌన్స్‌విల్ ఆస్పత్రిలో ఆ డాక్టర్ గదికి కిటికీ ఉంది గానీ తెరవడానికి వీల్లేదు. బయట ఎండలో కార్లు వరసగా కాగుతున్నాయి. లోపల చలి. లోరెట్టా గుండు మీద ఉన్ని టోపీ సర్దుకుని, మూతికి మాస్కు పెట్టుకుని కూర్చుంది. సైలస్ కుర్చీ అంచున కూర్చున్నాడు. గనుల దగ్గర పెద్ద పెద్ద ట్రక్కుల ఇంజన్లు బాగుచేసే మనిషి. అతను ఏ కుర్చీలో కూర్చున్నా అది చిన్నపిల్లల కుర్చీలా కనిపిస్తుంది.

డాక్టర్ ముల్‌గ్రూకి యాభై దాటాయి. చెప్పాల్సింది చుట్టూ తిప్పకుండా చెప్పే మనిషని లోరెట్టాకి ఆమె నచ్చింది.

"లోరెట్టా, మొదట్లో మీకు చెప్పిన మాట ఒకటి మార్చుకోవాలి," అంది డాక్టర్. "అప్పుడు క్రోమోజోములు మాత్రమే చూసి మీది మధ్యరకం అన్నాను. మరీ మంచిదీ కాదు, మరీ చెడ్డదీ కాదు అని."

"గుర్తుంది."

"ఇప్పుడు జన్యువుల ఫలితాలు వచ్చాయి. ఈ జబ్బుకి అందరిలోనూ పేరు ఒకటే గానీ లోపల ఒకటి కాదు. ఏ జన్యువు మారిందో చూస్తే ముందు ఏం జరగొచ్చో కొంత తెలుస్తుంది. కొన్ని మార్పులున్నవాళ్ళు మందులతోనే నిలబడతారు. కొన్ని ఉన్నవాళ్ళలో జబ్బు మందుకి లొంగినట్టే లొంగి మళ్ళీ లేస్తుంది."

"నాది రెండోది."

"అవును."

డాక్టర్ ఆ జన్యువు పేరు చెప్పింది. నాలుగు అక్షరాలు, ఒక అంకె. రైలు ఇంజన్ నంబరులా ఉందనుకుంది లోరెట్టా. తర్వాత ఇంకేదో అనిపించాలి కదా అని కాసేపు చూసింది. ఏమీ అనిపించలేదు. గోడమీద ఏసీ గాలికి ఒక కాగితం కొస లేచి పడుతోంది. దాన్నే చూస్తూ ఉంది.

"ఎప్పటికి తిరిగొస్తుంది?"

"నెలల్లో రావచ్చు. ఏడాది దాటాక రావచ్చు. మందులొక్కటే నమ్ముకుంటే రాకుండా ఉండేవాళ్ళు తక్కువ. మూలుగ మారిస్తే ఆ లెక్క మారుతుంది. అందుకని మార్చి తీరాలి. బ్రిస్బేన్ వాళ్ళతో మాట్లాడాను కూడా."

సైలస్ ఊపిరి వదిలాడు. "దానికేగా నేనొచ్చింది. అంత మెల్లగా చెప్తుంటే ఇంకేదో అనుకున్నా. ఎప్పుడు రమ్మంటే అప్పుడొస్తా. మీ నర్సు చెప్పిందని బీరు కూడా మానేశా డాక్టర్, మా వాళ్ళెవరూ నమ్మట్లేదు."

డాక్టర్ నవ్వలేదు.

"మీది తీసుకోలేం సైలస్."

"సరిపోయిందన్నారు కదా."

"సరిపోయింది. మీ ఇద్దరికీ కలిసినవాటిలో ఈ మార్పు కూడా ఉంది."

సైలస్ అక్క వైపు చూశాడు, ఆమెకి ముందే తెలుసేమో అన్నట్టు. లోరెట్టా తల అడ్డంగా ఊపింది.

డాక్టర్ కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుంది. "మామూలుగా ఇలాంటి మార్పు జబ్బు పడిన కణాల్లోనే ఉంటుంది. మనిషి పుట్టాక ఎప్పుడో వస్తుంది. కానీ లోరెట్టా జబ్బు అణిగిపోయాక తీసిన రక్తంలో కూడా అది అలాగే కనిపించింది. అందుకే ముంజేతి మీద చిన్న చర్మం ముక్క తీశాం, గుర్తుందా? చర్మంలోనూ ఉంది. అంటే ఇది జబ్బుతో వచ్చింది కాదు. పుట్టుకతో వచ్చింది. తర్వాత మీ రక్తంలో చూశాం. మీకూ ఉంది."

"నాకూ కాన్సరా?"

"కాదు. ఇవాళ లేదు. ప్లేట్‌లెట్లు తక్కువున్నాయి, అంతే. ఈ మార్పుతో పుట్టినవాళ్ళలో కొందరికి ఎప్పటికీ రాదు. కొందరికి వస్తుంది. మిమ్మల్ని క్రమం తప్పకుండా చూస్తుంటాం. అయితే మీ మూలుగ లోరెట్టాకి పెడితే, జబ్బుని తీసేసి మళ్ళీ జబ్బు పడగలిగే మూలుగనే పెట్టినట్టవుతుంది."

 సైలస్ మోచేతి కింద ఒక కమిలిన మచ్చ, పసుపురంగులోకి మారుతూ ఉంది. పనిలో ఎక్కడో తగిలుంటుంది. అతని ఒంటి మీద అలాంటివి ఎప్పుడూ ఉంటాయి. దాన్ని బొటనవేలితో రుద్దాడు.

"మా అమ్మాయి తాలియాకి ముక్కులోంచి రక్తం కారుతుంది," అన్నాడు చివరికి. "పదకొండేళ్ళు. ఎండవల్ల అనుకున్నాం. వాళ్ళమ్మ జెన్నీ తడిగుడ్డ పెడుతుంది."

"పాపకి కూడా చూద్దాం. ఉండాలని లేదు. ఉండటానికీ లేకపోవటానికీ సమానంగా అవకాశం ఉంది. తొందరేం లేదు, మీరూ పాప తల్లీ మాట్లాడుకుని రండి." డాక్టర్ ఫైలు తిరగేసింది. "ఇంకా కొన్ని అడగాలి. ఇది మీకు తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉంటుంది. అమ్మగారు తలలో రక్తస్రావమై పోయారని రాసుకున్నాం. దానికి ముందు ఆవిడకి ఇట్టే కమిలిపోయేదా? చిన్న దెబ్బకే మచ్చలు పడటం, తగలకపోయినా పడటం?"

సైలస్ బొటనవేలు మచ్చ మీదే ఆగిపోయింది.

"చేతుల మీద, తొడల మీద ఎక్కువ కనిపిస్తాయి," అంది డాక్టర్, వాళ్ళకి ప్రశ్న అర్థం కాలేదేమోనని. "ఎప్పుడు తగిలిందో వాళ్ళకే తెలియదు. చుట్టుపక్కలవాళ్ళు ఎవరో కొట్టారనుకుంటారు. నేను చూసిన ఇంకో కుటుంబంలో అలాగే అయింది."

వాళ్ళమ్మ అసుంతా ఇంగమ్‌లో చెరకు పొలాలున్న ఇటాలియన్ కుటుంబంలో పిల్ల. నాన్న ఎజ్రా ఎప్పుడో చెరకు కొట్టడానికి దూరపు దీవుల నుంచి ఓడల్లో పట్టుకొచ్చిన కూలీల మనవడు. ఆ పెళ్ళి ఆమె తరఫువాళ్ళెవరికీ ఇష్టం లేదు. ఉక్కపోతలో కూడా అమ్మ పొడుగు చేతుల జాకెట్టు వేసుకునేది. ఆదివారం చర్చిలో ప్రార్థన పుస్తకం అందుకోబోతే జాకెట్టు చెయ్యి పైకి జారి ముంజేతి మీద నల్లగా, ఊదాగా, ఆకుపచ్చగా మచ్చలు కనిపించేవి. ఆడవాళ్ళు చూసి కళ్ళు తిప్పుకునేవాళ్ళు. అక్కడ ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. అడగాల్సిన పని లేదన్నట్టే ఉండేవాళ్ళు. ఎజ్రా గొంతు పెద్దది, ఒళ్ళు నల్లనిది, అరిస్తే పక్క పొలానికి వినబడేది. ఊరికి అంతకంటే రుజువేం కావాలి? అమ్మ మాత్రం అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఒకటే చెప్పేది, "ఆయన కాదు. నాకే ఇలా అవుతుంది" అని. భయపడి చెప్తోందనుకునేవాళ్ళు. పిల్లలు కూడా అలాగే అనుకున్నారు.

లోరెట్టాకి పదిహేనేళ్ళప్పుడు అమ్మమ్మ పోలీసుని పిలిపించింది. పోలీసు వంటింట్లో లోరెట్టాని ఎదురుగా నిలబెట్టి, "మీ నాన్న మీ అమ్మని కొట్టడం నువ్వు చూశావా?" అని అడిగాడు. చూశానంది. ఆ వారమే నాన్న ఊరు వదిలి వెళ్ళిపోవాల్సి వచ్చింది. మూడేళ్ళకి అమ్మ స్నానాల గదిలో జారిపడి లేవలేదు. తలలో రక్తం చిమ్మింది. పాత దెబ్బలన్నీ లోపల ఉండిపోయి ఇప్పుడు తీసుకుపోయాయని ఊరంతా అంది.

"అయ్యేది," అంది లోరెట్టా డాక్టర్‌తో. "అమ్మకి అయ్యేది."

"అయితే ఆవిడ వైపునుంచే వచ్చి ఉండాలి. నాన్నగారి రక్తం చూస్తే ఖాయంగా తెలుస్తుంది. ఆయన ఉన్నారా?"

"లేడు," అన్నాడు సైలస్.

"ఉన్నాడు," అంది లోరెట్టా అదే క్షణంలో.

డాక్టర్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. అలాంటి ఇళ్ళు ఆమె చాలా చూసే ఉంటుంది. "ఎందుకడుగుతున్నానంటే, ప్రపంచమంతా పేర్లు రాయించుకున్న దాతల్లో వెతుకుతున్నాం. మీలో రెండు జాతుల రక్తం కలిసింది కాబట్టి సరిపోయేవాళ్ళు దొరకడం కష్టమవుతోంది. ఇప్పటిదాకా ఒక్కరూ లేరు. కన్నతండ్రిది సగం సరిపోతుంది, ఎప్పుడైనా సరే. ఈ రోజుల్లో సగంతో కూడా చేస్తున్నారు. ఆయనకి ఈ మార్పు లేకపోతే, మనిషి ఆరోగ్యంగా ఉంటే, వయసు ఎక్కువైనా బ్రిస్బేన్ వాళ్ళు ఆలోచిస్తారు. ఎన్నేళ్ళుంటాయి?"

"డెబ్బై," అంది లోరెట్టా.

"తాలియాది కూడా సగం సరిపోతుందా?" అన్నాడు సైలస్.

"సరిపోవచ్చు. కానీ చిన్నపిల్ల. పైగా ముందు తనకే ఉందో లేదో తెలియాలి. ముందు పెద్దాయన్ని చూద్దాం. త్వరగా చూద్దాం. ఇప్పుడు లోరెట్టా బాగున్న సమయం. ఇది ఎంతకాలం ఉంటుందో మీకు నేను మాట ఇవ్వలేను."

*

సైలస్ బండి సముద్రం ఒడ్డున వేపచెట్టు నీడలో ఆపాడు. ఎదురుగా మాగ్నెటిక్ దీవి, నీళ్ళ మీద కూర్చోబెట్టినట్టు ఉంది. పొట్లంలో చేపా, చిప్సూ తెచ్చి మధ్యలో పెట్టాడు. లోరెట్టా మాస్కు కిందికి లాగి ఒక చిప్స్ ముక్క నోట్లో పెట్టుకుంది. ఈ మందులు మొదలైనప్పటి నుంచీ ఏం తిన్నా నోట్లో చిల్లర నాణెం పెట్టుకున్నట్టుంది.

అద్దం కిందికి దించి ఉంది. పార్కులో పిల్లలు నీళ్ళ గొట్టాల కింద గంతులేస్తున్నారు. వాళ్ళ అరుపులు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు వినిపిస్తున్నాయి.

"నిన్నొకటి అడుగుతా," అన్నాడు సైలస్ ముందుకి చూస్తూనే. "వాడు వెళ్ళిపోయాక అమ్మ చేతులు ఎలా ఉన్నాయి?"

లోరెట్టాకి ఈ ప్రశ్న వస్తుందని డాక్టర్ గదిలోనే తెలుసు.

"అలాగే ఉన్నాయి."

"అలాగే అంటే?"

"మచ్చలుండేవి. ముందున్నట్టే."

"వాడు ఇంట్లో లేకుండా."

"ఆఁ."

"నేనెప్పుడూ చూడలేదే."

"నువ్వు పదకొండేళ్ళవాడివిరా. నీకు చూపించేది కాదు. నేను స్నానాల గదిలో తువ్వాలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు చూశా. చాలాసార్లు చూశా."

"చూసి?"

లోరెట్టా చెయ్యి తుడుచుకుంది. "రాత్రిపూట వచ్చిపోతున్నాడనుకున్నా."

సైలస్ ఆమె వైపు తిరిగాడు.

"నిజంగానే అనుకున్నా. అమ్మని అడిగా కూడా. 'ఆయన రావట్లేదే' అంది. దాస్తోందనుకున్నా. రెండు మూడు రాత్రులు వెనక తలుపు దగ్గర కాపలా కూర్చున్నా. ఎవరూ రాలేదు. నేను నిద్రపోయాక వచ్చి ఉంటాడనుకున్నా."

"మూడేళ్ళు అలాగే అనుకున్నావా?"

"ఇవాళ పొద్దున దాకా అనుకున్నా."

ఒక సముద్రపు కొంగ బండి ముందుకొచ్చి పొట్లం వైపు చూసి, ఎవరూ ఏమీ వేయకపోతే వెళ్ళిపోయింది. సైలస్ స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. గట్టిగా అరుస్తాడేమో అనుకుంది లోరెట్టా. అరిస్తే బాగుండును. అరవలేదు.

"తాలియా పుట్టినప్పుడు వచ్చాడు," అన్నాడు. "నీకు చెప్పలేదు. బోవెన్ నుంచి బస్సులో వచ్చాడంట. మామిడిపళ్ళ పెట్టె ఒకటి, ఉయ్యాలకి కట్టే చెక్కబొమ్మలు. తనే చెక్కినవి. గుమ్మంలో నిలబడి, 'ఒకసారి చూసి పోతాన్రా' అన్నాడు. నేను ఏమన్నానో తెలుసా? 'ఈ ఇంట్లో ఆడపిల్ల ఉంది, నువ్వు లోపలికి రాకూడదు' అన్నా. పెట్టె గుమ్మంలో పెట్టి పోయాడు. నేను పళ్ళు చెత్తలో పోశా. బొమ్మలు మాత్రం జెన్నీ దాచింది. ఇప్పటికీ ఎక్కడో ఉన్నాయి."

"ఏం అన్నాడు?"

"ఏం అనలేదు. అదేగా. ఏమన్నా అంటే కొట్టేద్దామని చూశా."

అతను "వాడు" అంటూనే ఉన్నాడు గానీ ఆ మాటలో ఎప్పుడూ ఉండే పదును లేదు. ముప్ఫై ఏళ్ళ అలవాటు కాబట్టి నోరు దానంతటది అంటోంది.

"టౌన్స్‌విల్ వచ్చినప్పుడల్లా బోవెన్ మీంచే వస్తా," అన్నాడు మళ్ళీ. "పెట్రోలు అక్కడ పోయించను. అయిపోతుందని తెలిసినా పోయించను. ఒకసారి గుటాలు అనే ఊరి దగ్గర బండి ఆగిపోయింది కూడా. అంత పట్టుదల." ఒక చిప్స్ ముక్క తీసి మళ్ళీ పొట్లంలో పడేశాడు. "ఇప్పుడేం చేయాలో చెప్పు. ఆ డాక్టరమ్మ ఎంత తేలిగ్గా చెప్పేసింది, పెద్దాయన్ని చూద్దాం అని."

"దాని వల్ల ఆయన మంచివాడైపోడు సైలస్."

"అంటే?"

"మచ్చలు ఎందుకొచ్చాయో మాత్రమే వాళ్ళు చెప్పారు. అరిచేవాడు కదా. నీకు గుర్తుందిగా. గిన్నెలు గోడకేసి కొట్టేవాడు. మనం మంచం కింద దూరేవాళ్ళం."

"అరవడం వేరు."

"వేరే. వేరు కాదనట్లేదు."

"పోలీసుకి నువ్వు అరిచాడని చెప్పలేదుగా. కొట్టాడని చెప్పావు. చూశానని చెప్పావు." సైలస్ ఆ మాట నింపాదిగానే అన్నాడు, లెక్క సరిచూసుకుంటున్న మనిషిలా. "నేనెవరి మాట నమ్మాననుకుంటున్నావు? ఊళ్ళోవాళ్ళదా? అమ్మమ్మదా? నువ్వు చూశావు కాబట్టి నమ్మా."

 జవాబు చెప్పాలంటే లోరెట్టాకి లోపల ఏదో కదలాలి. ఏదీ కదల్లేదు. కాన్సరని చెప్పిన రోజు కూడా ఇంతే. లోకో షెడ్డుకి ఫోన్ చేసి, రేపటి డ్యూటీకి వేరేవాళ్ళని పెట్టుకోమని చెప్పి, బట్టలు ఉతుక్కుంది. ఏడుపు తర్వాత వస్తుందన్నారు. రాలేదు.

"ఫోన్ చేద్దాం," అంది. "నంబరు ఎవరి దగ్గరుంటుంది? మెకైలో పెద్దత్త కొడుకు దగ్గర ఉంటుందేమో."

సైలస్ జేబులోంచి ఫోన్ తీశాడు. వేలితో పైకి తోసి, తోసి, ఒకచోట ఆపి ఆమెకి చూపించాడు. పేరుండాల్సిన చోట 'బోవెన్' అని మాత్రం ఉంది.

"మామిడిపళ్ళ పెట్టె మూత మీద రాసిపెట్టాడు. పళ్ళు పారేశా గానీ ఇది ఎందుకో ఎక్కించుకున్నా. ఎప్పుడూ చేయలేదు. మారిపోయుంటుంది కూడా."

"చెయ్యి."

"నువ్వు మాట్లాడు. నావల్ల కాదు."

అతను స్పీకర్ పెట్టి ఫోన్ ఇద్దరి మధ్యా చేపల పొట్లం పక్కన ఉంచాడు. చాలాసేపు మోగింది. ఎవరూ ఎత్తరనుకునేటప్పటికి ఎత్తారు.

"ఎవరూ?" గొంతు సన్నబడిపోయింది. ఆ పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో. వెనక రేడియోలో ఎవరో ఫుట్‌బాల్ ఆట గురించి చెప్తున్నారు.

"నేను లోరెట్టాని."

రేడియో ఆగిపోయింది. ఆ తర్వాత ఊపిరి ఒక్కటే వినబడింది.

"చెప్పు తల్లీ," అన్నాడాయన.

లోరెట్టా చెప్పింది. పేపరు చదివినట్టు చెప్పింది. తనకి రక్తం కాన్సరని, మందుకి అణిగిందని, మళ్ళీ వచ్చే రకమని జన్యువుల పరీక్షలో తేలిందని, సైలస్‌ది పనికిరాదని, అతనికీ అదే ఉందని, అది అమ్మ నుంచి వచ్చి ఉంటుందని. చివర్లో, "అమ్మ చేతుల మీద మచ్చలు దానివల్లేనంట" అంది. 

 సైలస్ ఫోన్ ఆగిపోయిందేమోనని వంగి చూశాడు.

"జబ్బా?" అన్నాడు ఎజ్రా.

"జబ్బు కాదు. రక్తంలో లోపం. పుట్టుకతో వచ్చింది."

"మీ అమ్మకి చెప్పడానికి లేదే." ఆ తర్వాత మళ్ళీ ఊపిరి. "నాకేం కావాలో చెప్పు. ఎక్కడికి రావాలి? రేపు పొద్దున బస్సుంది."

అంతే. ఎందుకు, ఏమిటి అనలేదు. ఇన్నేళ్ళకి గుర్తొచ్చానా అనలేదు. సైలస్ మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు.  ఆయన ఒక్క మాట ఎత్తిపొడిచినా ఈ ఇద్దరికీ పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది.

లోరెట్టా ఫోన్ వైపు చూస్తూ, "ముందు నేనొకటి చెప్పాలి," అంది. "పోలీసుకి నేను చూశానని చెప్పా కదా."

సైలస్ తల ఇటు తిప్పాడు.

"నేను చూడలేదు నాన్నా." నాన్నా అన్న మాట బయటికి రావడం తనకే వినిపించింది. "నేనారోజు బడి నుంచి వచ్చేసరికి అమ్మ చెంప వాచి ఉంది. అమ్మమ్మ నా భుజం మీద చెయ్యేసి నిలబడింది. పోలీసు అడిగాడు. చూశానని చెప్పేశా."

 సైలస్ తలుపు తెరిచి ఒక కాలు బయట పెట్టాడు. దిగలేదు. అలాగే ఒక కాలు రోడ్డు మీద, ఒక కాలు బండిలో పెట్టుకుని కూర్చుండిపోయాడు.

"నువ్వు చూడలేదని నాకు తెలుసు," అన్నాడు ఎజ్రా. "నువ్వు బడిలో ఉన్నావుగా. ఆ పోలీసుతో అనబోయా కూడా. వాచి ఉన్న మీ అమ్మ మొహం చూసి ఊరుకున్నా." ఆయన గొంతు సవరించుకున్నాడు. "వాడు పక్కనున్నాడా? సైలస్?"

"ఉన్నాడు. వింటున్నాడు."

"విననీ. ఇది వాడూ వినాలి. ఆ చేతుల మీదవి ఎలా వచ్చేవో నాకు తెలిసేది కాదు. మీ అమ్మకీ తెలిసేది కాదు. నిద్రలో నేనే కొడుతున్నానేమోనని భయమేసి కొన్ని నెలలు బయట వరండాలో పడుకున్నా. అయినా వచ్చేవి. ఊరంతా నన్నే చూసేది. ఏదో ఒక రోజు నేను నిజంగానే అలాంటివాణ్ణేమో అనిపించేది. ఇప్పుడు మీరు ఫోన్ చేసి అది నేను కాదంటున్నారు. సంతోషమే."

దూరంగా కుక్క మొరిగింది. ఆయన ఉన్నచోటో, ఈ పార్కులోనో తెలియలేదు.

"కానీ ఆ రోజు చెంప మీదది నాదే," అన్నాడు. "అది ఏ జబ్బూ కాదు. మీ అమ్మమ్మ నన్ను ఏదో అందని, మీ అమ్మ ఊరుకుందని, కోపం పట్టలేక కొట్టా. మెలకువగానే కొట్టా. ఒక్కసారే. ఒక్కసారైనా కొట్టా. నువ్వు చూడకుండా చెప్పావు గానీ, నువ్వు చెప్పింది అబద్ధం కాదమ్మా."

సైలస్ బండిలోంచి దిగిపోయాడు. దిగి తలుపు వేయకుండా అక్కడే నిలబడ్డాడు, వీపు ఇటు తిప్పి. అతని రెండు చేతులూ పక్కన వేలాడుతున్నాయి. పిల్లలు నీళ్ళ కింద ఇంకా అరుస్తూనే ఉన్నారు. లోరెట్టా ఫోన్ చేతిలోకి తీసుకుంది. అది ఎండకి వేడెక్కి ఉంది. ఆ వేడి ఒక్కటే ఆమెకి తెలుస్తోంది.

"అదీ సంగతి," అన్నాడు ఎజ్రా అవతలి నుంచి. "ఇది విన్నాక నన్ను వద్దనొచ్చని తెలిసే చెప్పా. ఇప్పుడు మీరిద్దరూ ఆలోచించుకుని చెప్పండి. రేపు పొద్దున ఆ బస్సు ఎక్కమంటారా?"